జొటేరో ట్యాగులు: స్పెయిన్ చరిత్ర ప్రాజెక్టుకి వాడి చూసిన రివ్యూ

జొటేరో అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లు థీసిస్ చివర రిఫరెన్సులు పెట్టుకోడానికి వాడే సాఫ్ట్‌వేర్ అనే చాలామందికి తెలుసు. అది నిజమే గానీ నేనిక్కడ రాసేది ఆ పని గురించి కాదు, దాంట్లో ఎడమ పక్క కింద మూలన చిన్న గడిలో ముడుచుకుని కూర్చునే ట్యాగుల గురించి, అంటే దాచుకున్న ఒక్కోదానికి మనం తగిలించే గుర్తు మాటలు. స్పానిష్ నేర్చుకున్నవాళ్లం కొందరం కలిసి స్పెయిన్ సాంస్కృతిక చరిత్ర మీద ఒక డిజిటల్ ప్రాజెక్టు చేస్తున్నాం, అంటే పెయింటింగులు, రాజశాసనాలు, పాత పేపర్లు, పాటలు, పుస్తకాలు ఇవన్నీ పోగేసి ఒక్కోదానికి తెలుగులో పేజీ రెండు పేజీల వివరణ రాసి సైట్‌లో పెట్టడం అన్నమాట. సరుకంతా జొటేరోలోనే దాచాం. ట్యాగుల వరకే మార్కులెయ్యమంటే 5కి 4 వేస్తా, ఆ తగ్గిన మార్కు ఎందుకో కింద వస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది ఫ్రీ, ఓపెన్ సోర్స్, 2006లో అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్ర వాళ్ల సెంటర్ ఒకటుంటే అక్కడ పుట్టింది. చరిత్ర వాళ్లు చేసుకున్నది కాబట్టి పుస్తకం, వ్యాసం మాత్రమే కాకుండా చేతిరాత ప్రతి, ఉత్తరం, మ్యాపు, సినిమా, కళాకృతి అని వేరే వేరే రకాలుంటాయి, ఏ ఆర్కైవ్‌లో ఉంది, అందులో ఎక్కడ ఉంది అని రాసుకోడానికి కూడా గళ్లుంటాయి. గోయా అనే స్పెయిన్ చిత్రకారుడి ప్రింట్ ఒకటి ఎక్కించాలంటే కళాకృతి అని పెట్టి సైజు, మాధ్యమం కూడా రాసుకోవచ్చు. 2024లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి చూడ్డానికి కూడా బాగుంది, అంతకుముందు ఏదో పాత గవర్నమెంటాఫీసు కంప్యూటర్‌లా ఉండేది.

స్పెయిన్ వాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో దొరికే సరుకు మాత్రం మామూలుగా ఉండదు. మాడ్రిడ్ నేషనల్ లైబ్రరీ వాళ్ల డిజిటల్ లైబ్రరీ, పాత పేపర్లకి వాళ్లదే ఎమెరొతేకా, ప్రభుత్వ ఆర్కైవులన్నిటికీ కలిపి పారెస్ అనే పోర్టల్, అలికాంతే యూనివర్సిటీ నుంచి 1999లో మొదలైన సెర్వాంతెస్ వర్చువల్ లైబ్రరీ, ఇంక ప్రాదో మ్యూజియం సైట్ సరేసరి. ఇంట్లో కూర్చుని గోయా ప్రింట్లు జూమ్ చేసి చూడొచ్చు. కానీ ఇన్ని చోట్ల నుంచి తెచ్చి ఒక్కచోట పోస్తే అది గోడౌన్ అవుతుంది గానీ ప్రాజెక్టు అవదు. అందుకే ట్యాగులు.

ముందు ఒక చికాకు సంగతి చెప్పేస్తా, ఎందుకంటే కొత్తగా పెట్టుకున్నవాళ్లందరికీ మొదటి గంటలోనే ఇది ఎదురవుతుంది. లైబ్రరీ కేటలాగ్ నుంచి బ్రౌజర్ బటన్ నొక్కి పుస్తకం ఎక్కించుకుంటే ఆ కేటలాగ్‌లో ఉన్న సబ్జెక్ట్ హెడ్డింగులన్నీ ట్యాగులుగా దిగిపోతాయి. "స్పెయిన్ -- హిస్టరీ -- ఫిలిప్ 2, 1556-1598" ఇలాంటివి ఒక్కో పుస్తకానికి నాలుగైదు, అవి కూడా ఒక లైబ్రరీ నుంచి ఇంగ్లీషులో ఇంకో లైబ్రరీ నుంచి స్పానిష్‌లో. పది పుస్తకాలు ఎక్కించేసరికి ఆ కింద గడి మొత్తం వీటితోనే నిండిపోయి మనం పెట్టుకున్న ట్యాగు వెతుక్కోవాల్సి వస్తుంది. సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఆటోమేటిక్‌గా ట్యాగులు పెట్టాలి అనే టిక్కు ఒకటుంటుంది, అది తీసేస్తే ఆగిపోతుంది, ఇప్పటికే దిగినవాటిని ట్యాగుల గడి పక్కనున్న మెనూలోంచి ఒక్కసారే తుడిచేయొచ్చు. అసలు ఇది మొదట్నుంచే ఆఫ్‌లో ఎందుకు పెట్టరో నాకర్థం కాదు.

ఇక అసలు విషయం. ట్యాగులు దేనికి పెట్టాలి? నా లెక్క ఒక్కటే, సెర్చ్ బాక్సులో కొడితే దొరికేదానికి ట్యాగు దండగ. గోయా అనే ట్యాగు ఎందుకు, పైన గోయా అని కొడితే వచ్చేస్తాయి కదా. గ్రనాడా, సెవిల్లే, ఫ్లమెంకో, ఎద్దుల ఆట ఇవన్నీ కూడా అంతే, టైటిల్లోనో నోట్‌లోనో ఆ మాట ఎలాగూ ఉంటుంది. ఆ కాగితంలో ఎక్కడా రాసి ఉండని సంగతి, చదివిన మనకి మాత్రమే తట్టిన సంగతి, దానికి ట్యాగు కావాలి. అందుకే మా జాబితాలో ఊళ్లు, మనుషులు, కళారూపాలు ఏవీ లేవు, నిషేధం, వేషం, వెలి, కథల దారి, ఎవరిది, యుద్ధం చూసిన కన్ను ఇలాంటివి ఉన్నాయి. అన్నీ తెలుగులోనే పెట్టాం, తెలుగు లిపిలో ఏ ఇబ్బందీ లేదు, అక్షరక్రమంలో కూడా సరిగ్గానే నిలబడతాయి. పైగా స్పానిష్‌లో పెడితే ఒకళ్లు అచ్చుల మీద గీత పెట్టి రాస్తారు ఇంకొకళ్లు గీత లేకుండా రాస్తారు, రెండూ రెండు ట్యాగులైపోతాయి, ఆ గొడవ కూడా తప్పింది.

వేషం ట్యాగు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఈ పద్ధతి పనిచేస్తుందా లేదా అని ఎవరైనా అడిగితే నేను చూపించేది అదే. ఆ ట్యాగు మీద క్లిక్ చేస్తే నాలుగు శతాబ్దాల కాగితాలు ఒకదాని కింద ఒకటి వచ్చి పడతాయి. మొదటిది 1567, స్పెయిన్ రాజు రెండో ఫెలిపే గ్రనాడాలో చాటింపు వేయించిన శాసనం, మొరిస్కోలు అంటే ముస్లిములుగా ఉండి క్రైస్తవంలోకి మార్చబడినవాళ్లు ఇకమీదట వాళ్ల బట్టలు కట్టకూడదు, అరబిక్ మాట్లాడకూడదు, ఆడవాళ్లు మొహం కప్పుకోకూడదు, వాళ్ల స్నానశాలలు కూడా ఉండకూడదు. దానికి ఫ్రాన్సిస్కో నూన్యెస్ ములేయ్ అని ఒక మొరిస్కో పెద్దాయన అర్జీ రాశాడు, ఎంత పదునుగా రాశాడో, బట్టలకీ మతానికీ సంబంధం ఏంటండీ, స్పెయిన్ నడుమ ఉన్న కాస్తీయలో ఒక రకం కడతారు ఇంకోచోట ఇంకో రకం కడతారు, తూర్పు దేశాల్లో క్రైస్తవులు కూడా అరబిక్ మాట్లాడతారు మరి వాళ్లు క్రైస్తవులు కాదా అని. విన్నవాడెవడూ లేడు. 1568 క్రిస్మస్ ముందురోజు అల్పుహార్రాస్ కొండల్లో తిరుగుబాటు మొదలైంది, దాన్ని అణచడానికి రాజు తన తండ్రి ఇంకొకామెకి కన్న కొడుకు దోన్ హువాన్‌ని పంపాల్సొచ్చింది, చివరికి గ్రనాడా మొరిస్కోలని ఊళ్లు ఖాళీ చేయించి కాస్తీయ అంతా చెదరగొట్టారు.

రెండోది 1639, నాలుగో ఫెలిపే ఆజ్ఞ. ఈసారి మొరిస్కోలు లేరు, అప్పటికే దేశంలోంచి పంపేశారు. కానీ క్రైస్తవ ఆడవాళ్లే పెద్ద పైబట్టతో మొహం కప్పేసి ఒక్క కన్ను మాత్రం బయటపెట్టి ఊళ్లో తిరగడం ఫ్యాషనైపోయింది, ఎవరి భార్యో ఎవరి కూతురో తెలీదు, ఏం మాట్లాడినా ఎవరితో మాట్లాడినా అడిగేవాడు లేడు. వాళ్లని తపాదా అనేవాళ్లు. అది కూడా నిషేధం. మూడోది 1766 మార్చి మాడ్రిడ్, ఈసారి మగవాళ్ల వంతు. మూడో కార్లోస్ దగ్గర ఎస్కిలాచే అనే ఇటలీ మంత్రి ఉండేవాడు, పొడుగు కేపులూ వెడల్పు అంచు టోపీలూ పెట్టుకుని మొహాలు దాచుకుని కత్తులు దాచుకుని తిరుగుతున్నారని అవి మానేసి పొట్టి కేపు, మూడు మూలల టోపీ పెట్టుకోమన్నాడు. మట్టలాదివారం నాడు మొదలైన అల్లరి రాజు మాడ్రిడ్ వదిలి అరాన్హువేస్‌కి వెళ్లిపోయేదాకా వచ్చింది, మంత్రిని దేశం దాటించాల్సొచ్చింది. అసలు కోపం రొట్టె ధర మీద, అంతకుముందు ఏడాదే ధాన్యం ధరల మీద కంట్రోలు ఎత్తేశారు, టోపీ ఒక సాకు. తర్వాత వచ్చిన అరాందా ప్రభువు ఆ పొడుగు కేపు, పెద్ద టోపీని తలారికి యూనిఫారం చేసేశాడని, దాంతో జనం వాళ్లంతట వాళ్లే మానేశారని ఒక కథ చెప్తారు, నిజమో కాదో గానీ ఆ బుర్రకి దండం పెట్టాలి.

నాలుగోది 1871. ఇటలీ నుంచి తెచ్చి కూర్చోబెట్టిన అమదేయో రాజు నచ్చక మాడ్రిడ్ గొప్పింటి ఆడవాళ్లు ఫ్రెంచి టోపీలు పక్కన పడేసి మంతియాలు అంటే తల మీంచి వేసుకునే లేసు గుడ్డలు కప్పుకుని, జడల్లో ఎత్తు దువ్వెనలు పెట్టుకుని ప్రాదో వీధిలో బళ్లల్లో షికారుకి బయల్దేరారు, మేం స్పానిష్ వాళ్లం, నువ్వు కాదు అని చెప్పడం అన్నమాట. ఎవరూ ఒక్క మాట అనక్కర్లేదు, రాణికి అర్థమైపోతుంది. 1567లో తల మీద గుడ్డ కప్పుకోవడం పరాయితనం, మూడొందల ఏళ్ల తర్వాత అదే తల మీద గుడ్డ కప్పుకోవడం దేశభక్తి. ఇది ఏ ఒక్క కాగితంలోనూ రాసి ఉండదు. సెర్చ్‌లో కేపు అని కొడితే టోపీ రాదు, టోపీ కొడితే మంతియా రాదు. ఆ నాలుగూ పక్కపక్కన పడ్డాకే సైట్‌లో ఆ పేజీ ఎలా రాయాలో మాకు తెలిసింది.

ఇక్కడే ఇంకో సంగతి. శతాబ్దాలకి ట్యాగు అక్కర్లేదు, తేదీ గడి ఉంది కదా అనుకుంటారు, అది కుదరదు. జొటేరోలో తేదీ అంటే ఆ పుస్తకం అచ్చయిన తేదీ. 1567 శాసనం మీద 2005లో వచ్చిన పుస్తకం పెడితే దాని తేదీ 2005. తేదీ ప్రకారం వరస పెడితే తపాదాలూ ఎస్కిలాచే అన్నీ 21వ శతాబ్దంలో కనిపిస్తాయి. మ్యూజియం సైట్ నుంచి తెచ్చినవాటికైతే ఒక్కోసారి తేదీయే ఉండదు. అందుకని శ.16, శ.17, శ.18 అని విడిగా ట్యాగులు పెట్టుకోక తప్పదు, ముందు "శ." అని ఉంటే అన్నీ ఒకచోటే నిలబడతాయి. ఒకే కాగితానికి రెండు శతాబ్దాలుంటే రెండూ తగిలించండి, ఏం పర్లేదు. శతాబ్దం ఒకటే అయినా తేదీలు రెండుండేవి కూడా ఉంటాయి, గోయా గీసిన యుద్ధపు ప్రింట్ల సిరీస్ అలాంటిదే, 1810ల్లో చెక్కినవి, ఆయన 1828లో పోయాక 35 ఏళ్లకి 1863లో గానీ సెట్‌గా అచ్చు కాలేదు. చూసిన కళ్లు వేరు, చూపించిన కాలం వేరు.

రెండు ట్యాగులు కలిపి నొక్కడం ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చింది. నిషేధం, శ.16 రెండూ నొక్కితే రెండూ ఉన్నవి మాత్రమే మిగుల్తాయి. అలా నొక్కినప్పుడు మొరిస్కోల శాసనం పక్కనే ఏమొచ్చిందంటే ఐదో పీయుస్ పోప్ ఆజ్ఞ, అది కూడా 1567నే, ఎద్దుల ఆట ఆడించే రాజులని చర్చిలోంచి వెలివేస్తా అని. ఒక్కటే సంవత్సరం! జనవరిలో మొరిస్కోల బట్టలు, భాష, స్నానాలు అన్నీ తీసేయండి ఆచారం ముఖ్యమా మతం ముఖ్యమా అన్న ఫెలిపే, నవంబర్లో పోప్ వచ్చి మరి నీ ఎద్దులో అంటే మాత్రం అబ్బే అది మా జనం ఆచారమండీ అని దాన్ని దేశంలో అమలు కానీలేదు, తర్వాతి పోపుల దగ్గర మెల్లమెల్లగా సడలించుకున్నారు, 1575లో కొంత 1596లో ఇంకొంత. ఈ రెండూ వేరే వేరే పుస్తకాల్లో వేరే వేరే చాప్టర్లలో ఉంటాయి, మొరిస్కోల మీద రాసేవాళ్లకి ఎద్దులతో పని లేదు, ఎద్దుల మీద రాసేవాళ్లకి మొరిస్కోలతో పని లేదు. అదే జల్లెడలో 1559 నాటి నిషిద్ధ పుస్తకాల జాబితా కూడా పడింది, లాసరీయో అనే చిన్న నవల అందులో ఉంది, పేద కుర్రాడు గుడ్డివాడి దగ్గర, ఫాదరీ దగ్గర పనిచేస్తూ వాళ్ల బండారం బయటపెట్టే కథ, 1573లో ఆ ఘాటు భాగాలు కోసేసి మళ్లీ అచ్చేశారు. శతాబ్దం ట్యాగు తీసేసి నిషేధం ఒక్కటే ఉంచితే నాలుగో కార్లోస్ 1805 ఎద్దుల నిషేధం నుంచి, కతలోనియా పార్లమెంటు 2010లో చేసి 2016లో రాజ్యాంగ కోర్టు కొట్టేసిన చట్టం దాకా వచ్చేస్తాయి.

మనవాళ్లకి ఆసక్తిగా ఉండే ట్యాగు కథల దారి. చిన్నయసూరి మిత్రభేదం చదువుకున్నవాళ్లకి కరటకుడు, దమనకుడు గుర్తుంటారు కదా, ఆ నక్కలే పహ్లవీ అనే పాత పర్షియన్ భాష మీదుగా అరబిక్‌లోకి కలీలా, దిమ్నాలుగా వెళ్లి, అక్కడ్నుంచి 1251లో స్పెయిన్ భాషలోకి దిగాయి, దిగేలా చేయించింది అప్పటికింకా యువరాజుగా ఉన్న అల్ఫోన్సో, తర్వాత పదో అల్ఫోన్సోగా రాజైనాయన. ఆయనే 1283లో చదరంగం, పాచికలు మీద బొమ్మల పుస్తకం చేయించాడు, అది మొదలవడమే హిందూదేశపు రాజు ఒకాయన తన దగ్గరున్న జ్ఞానుల్ని పిలిచి అడిగాడు అనే కథతో మొదలవుతుంది. మా గ్రూపులో ఒకావిడకి ఈ ట్యాగంటే ఎంత ఇష్టమంటే ప్రతిదానికీ ఇండియా లింకు వెతికి తగిలించేస్తుంది, మేం తీసేస్తుంటాం. జిటానోలు అంటే స్పెయిన్ జిప్సీలు, వాళ్ల మూలం ఇటువైపు అని భాష చూసి తేల్చారు నిజమే, అంతమాత్రాన ఫ్లమెంకోకి కథల దారి ట్యాగు ఎందుకండీ, అది కథ కాదు.

ఫ్లమెంకోకి మేం పెట్టింది ఎవరిది అనే ట్యాగు. 1749లో ఒకేసారి దేశమంతటా జిటానోలని వేలమందిని పట్టి లోపలేసిన ఆజ్ఞ ఒకటుంది, 1922లో సంగీతకారుడు ఫాయా, కవి లోర్కా వాళ్లు కలిసి గ్రనాడాలోని అలాంబ్రా కోటలో పెట్టిన కాంతె హోందో, అంటే ఫ్లమెంకో పాత పాటల పోటీ ఒకటుంది, 2010లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన కాగితం ఒకటుంది. మనుషుల్ని జైల్లో పెట్టిన దేశమే వాళ్ల పాటని నాదీ అని ప్రపంచానికి చూపించుకోవడం. కొర్దొబా మసీదు కూడా ఇదే ట్యాగులో ఉంది, 8వ శతాబ్దంలో మొదలైన మసీదు స్తంభాల మధ్యలో 16వ శతాబ్దంలో చర్చి కట్టారు, ఇప్పటికీ దాని పేరు దగ్గరే పేచీ.

పెట్టకూడని ట్యాగులు కూడా చెప్తా. మతం, సంస్కృతి, సంప్రదాయం. స్పెయిన్ ప్రాజెక్టులో మతం అని ట్యాగు పెడితే కూరలో కరివేపాకులా అన్నిట్లోనూ ఉంటుంది, దాన్ని నొక్కితే లైబ్రరీ మొత్తం కనిపిస్తుంది, నొక్కకపోతే ఏంటి తేడా. అలాగే ఒకేఒక్క కాగితానికి ఉన్న ట్యాగు కూడా ట్యాగు కాదు, దాన్ని నోట్‌లో రాసుకుంటే చాలు.

ఇక వాడకం సంగతులు. ట్యాగుకి రంగు పెట్టుకోవచ్చు, తొమ్మిదింటికి మాత్రమే, ఆ తొమ్మిదికీ కీబోర్డ్‌లో 1 నుంచి 9 దాకా నంబర్లు కేటాయిస్తుంది, ఐటమ్ మీద నిలబడి 3 నొక్కితే మూడో ట్యాగు తగులుకుంటుంది, మళ్లీ నొక్కితే పోతుంది. పాత పేపర్లు వందలకొద్దీ చూసేటప్పుడు ఇది ప్రాణం. ఈ తొమ్మిదే అనే హద్దు మొదట చిరాకేసింది గానీ మంచిదే, ముఖ్యమైన థీములు తొమ్మిదికి మించితే ప్రాజెక్టు దారి తప్పినట్టే. ఇమోజీ ట్యాగులు కూడా పెట్టొచ్చు, మేం పని మిగిలి ఉన్నవాటికి గడియారం బొమ్మ పెట్టాం, లిస్టులో టైటిల్ పక్కనే కనిపిస్తుంది. ఒకేలాంటి రెండు ట్యాగులుంటే ఒకదాని పేరు మార్చి రెండోదాని పేరు పెట్టేస్తే రెండూ కలిసిపోతాయి, చాలా హాయి. పీడీఎఫ్ లోపల హైలైట్ చేసిన వాక్యానికి కూడా విడిగా ట్యాగు పెట్టొచ్చు, ఆరొందల పేజీల పుస్తకంలో టోపీల గురించి ఉన్న రెండు పేరాలకే వేషం అని తగిలించాలంటే ఇంతకంటే దారి లేదు.

ఇప్పుడు ఆ పోయిన మార్కు. ట్యాగుల్లో తల్లీపిల్లా వరస లేదు. నిషేధం కింద పుస్తక నిషేధం, బట్టల నిషేధం, ఆటల నిషేధం అని పెట్టుకుని పైది నొక్కితే కిందవన్నీ రావాలంటే కుదరదు. పేరులోనే "నిషేధం/బట్టలు" అని రాసుకుని అక్షరక్రమంలో పక్కపక్కన ఉండేలా చూసుకోవడం తప్ప వేరే మార్గం లేదు. ఇంకోటి, ట్యాగుల గడిలో రెండు నొక్కితే రెండూ ఉన్నవే వస్తాయి, ఇదైనా సరే అదైనా సరే అనాలంటే అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి పోవాలి, ఫలానా ట్యాగు లేనివి కావాలన్నా అక్కడికే పోవాలి. ఒక్కసారి చేసి సేవ్ చేసుకుంటే ఎడమ పక్క ఫోల్డర్‌లా నిలబడి దానంతటదే అప్‌డేట్ అవుతుంది, బాగానే ఉంటుంది, కానీ కొత్తవాళ్లకి అక్కడిదాకా వెళ్లే ఓపిక ఉండదు. ట్యాగు అర్థం ఏంటో రాసుకునే చోటు కూడా లేదు, వెలి అంటే ఏది ఏది కాదు అనేది మేం ఒక విడి నోట్‌లో రాసి అందరికీ కనిపించేలా పెట్టుకున్నాం.

గ్రూపుగా చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. గ్రూప్ లైబ్రరీ ఫ్రీయే, ఎంతమందైనా చేరొచ్చు, కానీ మీ సొంత లైబ్రరీలోంచి ఒక ఐటమ్ అక్కడికి లాగితే అది కాపీ, తర్వాత మీ దగ్గర ట్యాగు మారిస్తే అక్కడ మారదు. కాపీతో పాటు ట్యాగులు వెళ్లాలా వద్దా అనేది కూడా సెట్టింగ్స్‌లో ఒక టిక్కు, చూసుకోండి. రంగులు కూడా ఒక్కో లైబ్రరీకి విడివిడిగా పెట్టుకోవాలి. అందుకే మొదట్నుంచీ గ్రూప్ లైబ్రరీలోనే పని చేసేయడం మేలు. స్టోరేజీ ఫ్రీగా 300 ఎంబీ ఇస్తారు, స్కాన్లు పెడితే అది ఏ మూలకీ చాలదు, 2 జీబీకి ఏడాదికి 20 డాలర్లు, 6 జీబీకి 60. గ్రూపులో పెట్టిన ఫైళ్లన్నీ గ్రూప్ ఓనర్ కోటాలోంచే పోతాయి కాబట్టి ఓనర్ ఎవరో ముందే తేల్చుకోండి, లేకపోతే డబ్బులు కట్టేది ఆ ఒక్కళ్లే. వివరాలూ ట్యాగులూ ఎన్నున్నా ఆ కోటాలోకి రావు, ఫైళ్లకే లెక్క. మేం బొమ్మలు లోపల పెట్టడం మానేసి లింకులే పెడుతున్నాం.

ఆర్కైవ్‌కి వెళ్లి మీరే ఫోన్‌తో వందల ఫొటోలు తీసుకొచ్చే పని అయితే జొటేరో కంటే ఆ జార్జ్ మేసన్ సెంటర్ వాళ్లే చేసిన ట్రోపీ నయం, అది ఫొటోల కోసమే పుట్టింది. జనానికి చూపించే సైట్ కోసం మేం ఒమేకా క్లాసిక్ వైపు వెళ్తున్నాం, దాంట్లో ఒక వస్తువు ఒకే కలెక్షన్‌లో ఉండగలదు కాబట్టి ట్యాగులే దిక్కు. జొటేరో నుంచి సీఎస్‌వీ అనే టేబుల్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే మనం పెట్టిన ట్యాగులకీ ఆటోమేటిక్‌గా వచ్చినవాటికీ వేరే వేరే కాలమ్స్ ఉంటాయి, మనవాటి కాలమ్ ఒక్కటే తీసుకుని అటు ఎక్కించుకోవచ్చు. ట్యాగుల మధ్య సెమీకోలన్ పెడుతుంది, కాబట్టి ట్యాగు పేరులో సెమీకోలన్ వాడకండి.

వెలి ట్యాగు దగ్గర మాత్రం మా గ్రూపులో ఇంకా పంచాయితీ నడుస్తోంది. 1492లో యూదులు, 1609 నుంచి 1614 దాకా మూడు లక్షలమంది మొరిస్కోలు, 1767లో జెస్యూట్లు, 1939 మొదట్లో అంతర్యుద్ధం చివర మంచులో ఫ్రాన్స్ సరిహద్దు దాటిన నాలుగైదు లక్షలమంది, వాళ్లలోనే కొల్యూర్ అనే ఊళ్లో ఫిబ్రవరి 22న చనిపోయిన కవి ఆంతోన్యో మచాదో, ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పికాసో గెర్నికా పెయింటింగ్‌కి కూడా వెలి తగిలించాలని నేనంటా, స్పెయిన్‌లో స్వేచ్ఛ వచ్చేదాకా అది తిరిగి వెళ్లకూడదని పికాసోయే అన్నాడు, 1981 దాకా న్యూయార్క్‌లోనే ఉంది కదా. ఒకాయనేమో మనుషులకే వెలి, బొమ్మకి ఏం వెలి అంటాడు. 2015లో సెఫార్దీ యూదుల, అంటే ఆ 1492లో వెళ్లగొట్టినవాళ్ల వారసులకి పౌరసత్వం ఇచ్చిన చట్టం వచ్చింది చూడండి, దానికి వెలి పెట్టాలా లేక తిరిగిరాక అని కొత్తది తెరవాలా అన్నది ఇంకో తగాదా. తిరిగిరాక తెరిస్తే గెర్నికా కూడా అందులోకే పోవాలి, మచాదో ఇప్పటికీ కొల్యూర్ శ్మశానంలోనే ఉన్నాడు కాబట్టి ఆయన రాడు. ప్రస్తుతానికి చట్టానికీ పెయింటింగ్‌కీ రెండు ట్యాగులూ పెట్టి ఉంచాం, తొమ్మిది రంగుల్లో ఒకటే మిగిలుంది, అది ఎవరికివ్వాలో వచ్చే మీటింగ్‌లో తేలుస్తాం.